ఎడ్వర్డ్ బేష్ గురించి తెలిసినవారు సాయం చేస్తారా?

నమస్కారం అండీ. ట్యూడర్ రాజవంశం ఏలిన కాలంలో ఇంగ్లండ్ నౌకాదళానికి తిండి సరఫరా చూసిన ఎడ్వర్డ్ బేష్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 1550లో ఆ పదవిలోకి వచ్చి, ఆరో ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్‌ల కాలాల్లో 1587 దాకా ఉన్నాడు. పార్లమెంటు సభ్యుడు కూడా. పాలకులు మారి, రాజ్యం మతమే మారినా ఈయన కుర్చీ కదల్లేదు. నాకు ఎంతో ఆశ్చర్యంగా అనిపించే విషయం ఇది.

నేను ఆగిపోయింది తిండి సరఫరాకు ప్రభుత్వంతో ఈయన చేసుకున్న 1565 ఒప్పందం దగ్గర. ఓడ రేవులో ఉంటే మనిషికి రోజుకు నాలుగున్నర పెన్నీలు, సముద్రం మీద ఉంటే 5 పెన్నీలు. అందులోనే బిస్కెట్, గొడ్డుమాంసం, చేప, రోజుకో గాలన్ బీరు సర్దాలి. బయట ధరలు పెరుగుతుంటే రేటు కట్టేసి ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చాడు? ఆ కాలపు ఖాతాలు చదివినవాళ్లు వివరిస్తే చాలా మేలు.

ఇంకొకటి. ఈయన్ని తెలుగులో ఏమనాలి? 'సరఫరా అధికారి' అంటే ఉత్త జీతగాడిలా ఉంది. 'కాంట్రాక్టర్' అంటే రాజోద్యోగం కనిపించదు. రెండూ కలిసొచ్చే మాట ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.