అప్‌డేట్: లూపస్ మందు ట్రయల్‌లో నాకు వచ్చిన పొక్కులు

లూపస్‌కు (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) పరీక్షిస్తున్న కొత్త మందు తొలిదశ ట్రయల్‌లో చేరాక నడుముకు ఒక పక్కన మంటతో పొక్కులు లేచాయని, చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారేమోనని ఇంతకుముందు అడిగాను. మీ సలహా మేరకు ఆ రోజే పరిశోధక వైద్యురాలికి చెప్పాను. అది సర్పి అని తేలింది. ఈ మందు అడ్డుకునే టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ (రోగనిరోధక వ్యవస్థ వాడే ఒక రకం ప్రోటీన్లు) సంకేతాలే వైరస్‌లను అదుపులో ఉంచడానికీ తోడ్పడతాయి కాబట్టి, ఎప్పటిదో ఆటలమ్మ వైరస్ నరాల్లో మళ్లీ మేల్కొనే అవకాశం పెరుగుతుందని ఆమె వివరించారు. 2021లో అమెరికాలో అనుమతి పొందిన అనిఫ్రోలుమాబ్ అనే ఇలాంటి లూపస్ మందు ట్రయల్స్‌లోనూ ఇదే కనిపించిందట. అయితే నాకు ఇస్తున్నది మందో, ప్లాసిబోనో (మందు లేని ఉత్తుత్తి డోసు) ఆమెకూ, నాకూ తెలియదు. పైగా నేను వాడే స్టెరాయిడ్ వల్ల కూడా సర్పి రావచ్చు కనుక నేరమంతా మందు మీద మోపలేను. యాంటీవైరల్ మాత్రలు ఇచ్చి, తర్వాతి డోసును వాయిదా వేశారు. నన్ను తీసేయలేదు. పొక్కులు మానాయి కానీ, మంట మాత్రం రాత్రిళ్లు ఇంకా వేధిస్తోంది.