డబుల్ ఎగ్ శాండ్‌విచ్: బ్రెడ్డు తడవకుండా ఎలా?

రాయగడ_రూమ్: మాది పర్లాకిమిడి, ఉద్యోగం రాయగడలో. రూములో ఒకే స్టవ్, ఒకే పెనం. నైట్ షిఫ్టు దిగాక అన్నం వండే ఓపిక ఉండదు. రెండు గుడ్లు వేయించి బ్రెడ్డు మధ్య పెడితే కడుపు నిండుతుంది గానీ, సగం తినేసరికి కింది స్లైసు తడిసి విరిగిపోతుంది. సొన అంతా చొక్కా మీదే. మీరెలా చేస్తారు?

బరంపురం_వదిన: ముందు బ్రెడ్డు కాల్చి, తర్వాత గుడ్డు వేయి బాబూ. వెన్న రాసి రెండువైపులా ఎర్రగా కాల్చు. కాల్చినవి పళ్లెంలో పడుకోబెట్టకు, అడుగున ఆవిరి పట్టి మెత్తబడతాయి. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టు. వెన్న పూత ఉంటే తడి త్వరగా దిగదు. ఉల్లిపాయ ముక్కల మీద ఉప్పు చల్లావంటే నీరు ఊరుతుంది, ఉప్పు గుడ్డు మీదే వేసుకో. టమాటా అయితే గింజలు, గుజ్జు తీసెయ్.

కిన్వట్_వాలా: వదిన చెప్పింది కరెక్ట్. కానీ మా నాందేడ్ వైపు స్లైసుల కన్నా పావ్ మంచిగుంటది, మందంగా ఉంటది కాబట్టి రెండు గుడ్లనూ ఆపుతది. లోపల ఠేచా రాయండి. పచ్చిమిరప, వెల్లుల్లి, పల్లీలు కొంచెం నూనెలో వేయించి, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో మెత్తగా తిప్పితే మజా ఉండదు.

కోరాపుట్_చలి: అసలు సంగతి గుడ్డులో ఉంది అన్నా. తెల్లసొన అరవై డిగ్రీలు దాటాక గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొనకు ఇంకాస్త వేడి కావాలి. అందుకే పెద్దమంట మీద అంచులు మాడిపోతాయి, పైన మాత్రం జిగురుగానే ఉంటుంది. మధ్యస్థం మంట పెట్టి, అంచు తెల్లబడగానే పెనం పక్కన చెంచాడు నీళ్లు పోసి మూత పెట్టు. ఆ ఆవిరికే పైభాగం ఉడుకుతుంది, సొన మీద తెల్లటి పొర కడుతుంది. శాండ్‌విచ్‌కి మాత్రం నేను సొన చిదిపి, తిరగేసి ఇంకో నిమిషం ఉంచుతాను. కారదు.

బరంపురం_వదిన: సొన కారకపోతే ఇక రుచేం ఉంది?

కోరాపుట్_చలి: ప్లేటులో తినేవాళ్లకు సరే వదినా. చేత్తో పట్టుకు తినేవాడికి ఆ టెన్షన్ ఎందుకు? పైగా పిల్లలకు, గర్భిణులకు బాగా ఉడికిందే పెట్టాలి. ఇంకో మాట. మన ఒడిశాకు ఆంధ్ర గుడ్లు లారీల్లో బాగా వస్తాయి, ఎండాకాలంలో కొట్టులో ఎన్నాళ్లున్నాయో చూసుకోవాలి. నీళ్లలో వేస్తే అడుగున పడుకునేది తాజాది, నిలబడేది పాతది. తేలితే పారెయ్. పాతబడిన గుడ్డు పెనం మీద పలచగా పరుచుకుపోతుంది, శాండ్‌విచ్‌కి ఎత్తు రాదు.

సిరొంచ_గోదారి: మయోనైజ్ రాయమని ఎవరూ అనలేదు, సంతోషం. మా సిరొంచ నుంచి నది దాటితే తెలంగాణ, అక్కడ 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించారు. గడ్డపెరుగు గుడ్డలో కట్టి నీరు దించి, మిరియాలు కలిపితే చాలు. ఇంకా గట్టిగా కడుపు నిండాలంటే రాత్రి మిగిలిన ఆలూ వేపుడు గుడ్డు కింద పరవండి. పులుసు కూర వద్దు, పొడి వేపుడే.

రాయగడ_రూమ్: ఆలూ వేపుడు, చిదిపిన సొన కలిపి చేశాను. చొక్కా బతికింది! ఠేచా మాత్రం కళ్లలో నీళ్లు తెప్పించింది, కిన్వట్ అన్నకు దండం. పొద్దున ట్రైన్‌లో తీసుకెళ్లాలంటే?

బరంపురం_వదిన: బాగా ఉడికించి, పూర్తిగా చల్లారాక కట్టు. వేడిమీద చుడితే మళ్లీ తడే. న్యూస్‌పేపర్లో వద్దు, సిరా అంటుతుంది, బటర్ పేపర్ తెచ్చుకో. ఈ ఎండల్లో గంటలోపు తినెయ్ బాబూ, మధ్యాహ్నానికి దాచకు.