అప్‌డేట్: పెయింటింగ్ పని ఎవరికిచ్చామంటే

ఇంటికి రంగులు వేయించడానికి తీసుకున్న మూడు కొటేషన్లకి బోలెడు తేడా ఉంది, తక్కువ చెప్పినాయనకే ఇచ్చేయాలా, లైసెన్స్ అడగాలా అని అప్పుడు అడిగాను కదా. పని నిన్ననే పూర్తయింది. తక్కువ చెప్పినాయనకి ఇవ్వలేదు.

మీలో ఒకరు చెప్పినట్టు ముగ్గురినీ ఒకటే అడిగాను, కొలత ఇంటి విస్తీర్ణం మీదా, గోడల మీదా, ఆ రేటులో ఏమేం వస్తాయి అని. అక్కడే తేలిపోయింది. తక్కువ రేటులో పుట్టీ (గోడని నున్నగా చేసే పూత) లేదు, ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే కోటు) లేదు, పాత రంగు మీదే ఒక్క కోటు వేసేస్తారట! మేం ఇచ్చినవాళ్ళు గోడలు కొలిచి, అందులోంచి తలుపుల, కిటికీల కొలత తీసేసి లెక్కగట్టి, గోకడం, పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు, ఏ రకం పెయింటు అన్నీ కాగితం మీద రాసిచ్చారు. లైసెన్స్ రూల్ ఊరిని బట్టి మారుతుంది కాబట్టి సంబంధిత ఆఫీసులోనే కనుక్కున్నాను. నాకైతే పనివాళ్ళకి ఇన్సూరెన్స్ ఉందా అన్నదే ఇంకా ముఖ్యం అనిపించింది, నిచ్చెన మీంచి ఎవరైనా పడితే ఎలా?

టెన్షన్ పెట్టింది బాత్రూమ్ వెనక గోడ, ఒకటే చెమ్మ. లీకు ఆపించి, పూర్తిగా ఆరాకే రంగు వేయించాను, వారం పైనే ఆలస్యమైంది కానీ తడి గోడ మీద ఎంత ఖరీదైన పెయింటు వేసినా పొక్కులొస్తాయి. ఇల్లు పాతది, పాత పొరల్లో సీసం ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ దుమ్ము వాళ్ళకి ప్రమాదం, అందుకే పొడిగా సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) చేయనివ్వలేదు.

చివరి విడత డబ్బు పగటి వెలుతురులో ప్రతి గదీ చూశాకే ఇచ్చాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.