పారేసే వాటితో పిల్లలు నిజంగా ఆడుకునే బొమ్మలు చేయించాలంటే ఎలా?

నిజాంపేట్_అమ్మ:

మా బాబు ఒకటో తరగతి, పాపకి రెండున్నరేళ్లు. స్కూల్లో అప్పుడప్పుడూ 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' అని ఏదో ఒకటి చేసి తెమ్మంటారు. పేరుకే వేస్ట్, దానికోసం నేను స్టేషనరీ షాపుకెళ్లి థర్మాకోల్ షీట్లు, చమ్కీలు, రంగు కాగితాలు, గ్లూ గన్ కడ్డీలు కొనుక్కొస్తున్నాను. రాత్రి పిల్లలు పడుకున్నాక నేనే కూర్చుని చేస్తాను, పొద్దున్నే వాడు ముట్టుకోబోతే "ఆగరా, ఊడిపోతుంది" అంటాను. మేడమ్ గారు స్టార్ వేస్తారు, తర్వాత అది అటకెక్కుతుంది. ఇది ఎవరికోసం చేస్తున్నట్టో నాకైతే అర్థం కావడం లేదు.

ఎండాకాలం సెలవులు వస్తున్నాయి. వాడి చేతులతో వాడే చేసి, కొన్నాళ్లైనా ఆడుకునేవి కావాలి. ఇంట్లో ఉన్నవి: ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు గుట్టలుగా, వాటర్ బాటిళ్లు, మూతలు, పచ్చడి సీసాలు, పాత పెన్నులు, న్యూస్‌పేపర్లు, అమ్మ వదల్లేని పాత చీరలు.

వీడియో చూసి బాటిల్‌తో కారు చేశాం. చూడ్డానికి బాగానే ఉంది కానీ తోస్తే చక్రాలు తిరగవు, ఈడ్చుకుంటూ పోతుంది. వెనక బెలూన్ పెడితే గాలంతా అయిపోయేదాకా ఉన్నచోటే బుర్రుమంటుంది. ఏం మార్చాలి?

పకడ్_పానా:

కారు సంగతి ముందు. వీడియోల్లో చూపించనిది ఇరుసు దగ్గర ఏం జరుగుతుందన్నది. చక్రాలు ఇరుసుకి గట్టిగా బిగిసి ఉండాలి, ఇరుసు మాత్రం ఒక గొట్టంలో వదులుగా తిరగాలి. లేదంటే ఇరుసు కదలకుండా ఉండి చక్రాలు దాని మీద వదులుగా తిరగాలి. రెండిట్లో ఏదో ఒకటి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇరుసు బాటిల్‌కీ అంటుకుంది, మూతలూ ఇరుసుకి అంటుకున్నాయి, ఇక తిరగడానికి ఏం మిగిలింది?

గొట్టానికి చాలామంది స్ట్రా వాడమంటారు. 2022 జులై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కాబట్టి ఇప్పుడు దొరికేవి కాగితంవి, కాస్త నలిగినా ఇరుసుని పట్టేస్తాయి. వాటి బదులు పాత బాల్‌పెన్ గొట్టం రెండు ముక్కలు కోసి వాడండి. ఇరుసుకి పాడైన గొడుగు ఊచ గానీ సైకిల్ స్పోక్ గానీ అయితే వంగదు. చీపురుపుల్ల కూడా పనికొస్తుంది కానీ నిటారుగా ఉన్నది ఏరుకోవాలి.

రెండోది, మూతకి రంధ్రం సరిగ్గా నడిమధ్యలో పడాలి. చాలా మూతలకి మధ్యలో అచ్చు పోసినప్పటి చిన్న చుక్క ఉంటుంది, లోపలో బయటో చూడండి, అక్కడే పొడవాలి. చుక్క లేకపోతే మూతని కాగితం మీద పెట్టి గీసి, కత్తిరించి, రెండుసార్లు మడవమనండి మీవాణ్ణి. మడతలు కలిసే చోటే మధ్య. ఈ పని వాడికి భలే నచ్చుతుంది. పొడవడం మాత్రం మీరే, మేకుని పకడ్‌తో పట్టుకుని వేడి చేసి, బాల్కనీలోనో బయటో, ఆ ప్లాస్టిక్ పొగ ఇంట్లో వద్దు.

మూడు: ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు కాగితానికీ చెక్కకీ అట్టకీ పనిచేస్తుంది గానీ నున్నటి ప్లాస్టిక్‌కి పట్టదు, ఆరాక పెచ్చులా లేచొస్తుంది. కాబట్టి గొట్టాల్ని బాటిల్‌కి అంటించకండి, కట్టండి. పాత సైకిల్ ట్యూబ్‌ని సన్నగా కోస్తే వచ్చే రబ్బరు పట్టీలు దీనికి బ్రహ్మాండం. రెండు గొట్టాలూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే కారు పక్కకి తిరుగుతుంది, అదొక్కటి చూసుకోండి.

బెలూన్‌కి మూతిగా పెన్ను గొట్టం సరిపోతుంది, రీఫిల్ అయితే మరీ సన్నం, గాలి సరిగా రాదు. బెలూన్‌ని ముందే రెండు మూడుసార్లు ఊది వదిలితే మెత్తబడుతుంది. లీటరు బాటిల్ వద్దు, అరలీటరుదో అట్టముక్కో చాలు, బరువు తగ్గితే అదే దూకుతుంది.

గోదారి_గట్టు:

మీరంతా పెన్నులు, పానాలు అంటుంటే నాకు నవ్వొస్తోంది. అమ్మా, ఎండాకాలం అన్నావు కదా, ముంజలు తినండి ముందు. హైదరాబాద్‌లో కూడా రోడ్ల పక్కన బండ్ల మీద పెడతారు. కాకపోతే వాళ్లు కాయని చెక్కేసి ముంజలు చేతికిస్తారు, నువ్వు పైన మాత్రం చెక్కించి కాయలు కాయలుగానే తెచ్చుకో. బొటనవేలితో తవ్వుకుని తిన్నాక ఆ డొల్లలు రెండు తీసుకుని, మధ్యలో ఓ జానెడు గట్టి పుల్ల గుచ్చితే అవే చక్రాలు, అదే ఇరుసు. పొడుగాటి పంగల కర్రని ఆ పుల్ల మీద ఆనించి తోసుకుంటూ పరిగెత్తడమే. మా చిన్నప్పుడు ఊళ్లో ప్రతి పిల్లాడికీ ఉండేది ఈ ముంజకాయల బండి. ఎండిపోయి పగిలితే ఇంకో రెండు కాయలు. జిగురు లేదు, మేకు లేదు.

అపార్ట్‌మెంట్‌లో తోలుకోడానికి చోటెక్కడ అంటారేమో, కింద పార్కింగ్‌లో పొద్దున్నపూట కార్లు వెళ్లిపోయాక ఖాళీయే కదా.

ఇంకోటి, పాత హవాయి చెప్పులు పారేయకండి. స్టీలు గ్లాసు బోర్లించి గీసి, గుండ్రంగా కోస్తే మెత్తటి చక్రాలు వస్తాయి, నేల మీద జారవు, చప్పుడు చేయవు, కింద ఫ్లాటువాళ్లు కూడా ఏమనరు. కొయ్యడం మాత్రం పెద్దవాళ్ల పనే.

పెద్ద గుండీ ఒకటుంటే దాని రెండు రంధ్రాల్లోంచి దారం పోనిచ్చి ముడేసి, రెండు చేతులకీ తగిలించుకుని మెలిపెట్టి లాగితే గుర్రుమని తిరుగుతుంది. కూల్‌డ్రింక్ రేకు మూతల్ని చదునుగా కొట్టి కూడా చేసేవాళ్లం గానీ అంచు చెయ్యి కోసేస్తుంది, ఇప్పటి పిల్లలకి అది వద్దు. కోటు గుండీ చాలు.

మండల్_టీచర్:

ప్రభుత్వ పాఠశాలలో సైన్స్ చెప్తాను. అర్వింద్ గుప్తా గారి పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదే! ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో పల్లె బడుల సైన్స్ కార్యక్రమానికి వెళ్లి, అక్కణ్ణుంచి జీవితమంతా చెత్తతో బొమ్మలు చేయడమే పనిగా పెట్టుకున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సైట్‌లో బొమ్మల తయారీ అంతా ఉచితంగా ఉంది.

ఆయన బొమ్మల్లో మీ బాబు వయసుకి నేను మొదట చెప్పేది అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్. ఆ సన్న రబ్బరు గొట్టం సైకిల్ షాపులో కొన్ని రూపాయలకి దొరుకుతుంది (అవును, ఇదొక్కటి కొనాలి). చిన్న ముక్కలుగా కోసి, ముక్కకి అటొక పుల్ల ఇటొక పుల్ల గుచ్చితే అది కీలు. పుల్లల తలల్లోని మందు ముందే గీకేయాలి. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కమనండి, కదలదు. నాలుగుతో చతురస్రం చేసి నొక్కితే పక్కకి ఒరిగిపోతుంది. దానికి ఒక మూల నుంచి ఎదుటి మూలకి కాస్త పొడుగాటి పుల్ల పెడితే గట్టిపడుతుంది. కరెంటు టవర్లలో, రైలు వంతెనల్లో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో మీరు చెప్పక్కర్లేదు, వాడే చూపిస్తాడు. మా పిల్లలు దీనితో ఇళ్లు, టెంట్లు, మంచాలు కట్టి విప్పి మళ్లీ కడతారు. బొమ్మ విప్పడానికి వీలుండాలి అన్నది నా పట్టుదల, గ్లూ గన్‌తో చేసినది విరగడమే తప్ప విప్పడం ఉండదు.

స్కూలు ప్రాజెక్టుల గురించి: ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. కొన్న వస్తువులు వద్దు, పిల్లాడు క్లాసులో విప్పి మళ్లీ బిగించి చూపించాలి అని రూలు పెట్టమనండి. మా టీచర్లలో చాలామందికి కూడా ఆ థర్మాకోల్ తాజ్‌మహల్ ఎవరు చేశారో తెలుసు, ఎవరూ పైకి అనరు అంతే.

కడప_కారం:

టీచర్ గారూ, అన్నీ కదిలేవే ఉండాలా? మా పాపకి బండ్లు అక్కర్లేదు, రంగులేయడం, వంటాట, ఇవే ఇష్టం. అలంకరణ అనగానే షోపీస్ అని తీసిపారేయొద్దు.

మా అవ్వ చేటలకీ గంపలకీ సందులు పడితే కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి పూసేది. ఆరితే అట్టకంటే గట్టిగా ఉండేది, మెంతుల చేదుకి పురుగు కూడా చేరదనేది. నేను అదే గుజ్జుతో పాప చేత లక్కపిడతలు చేయిస్తున్నా. పేపరు చిన్న ముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టడం (చింపడం పిల్లల పని, అదొక్కటే గంటసేపు ఆడతారు), నీళ్లు పిండేసి నానిన మెంతులతో మిక్సీ పట్టడం, నూనె రాసిన స్టీలు గిన్నె వెనక పల్చగా పరచడం, మంచి ఎండలో రెండు మూడు రోజులు. మందంగా పెడితే లోపల ఆరక బూజొస్తుంది, కాబట్టి పల్చగానే. గిన్నె నుంచి ఊడొచ్చాక రంగులు. కుండలు, గరిటెలు, మూకుడు అన్నీ చేసింది, బొమ్మల కొలువులో కూడా పెట్టాం.

జిగురు కొనక్కర్లేదు అంటున్నారు కదా, చింతగింజల పొడి ఉడికించిన అంటు ప్రయత్నించండి. కొండపల్లి వాళ్లు చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే బొమ్మకి అతుకుతారు.

రాత్రిడ్యూటీ_నర్స్:

పాపకి రెండున్నరేళ్లు అన్నారు, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్లలోపు పిల్లలకి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టేంత ముక్క ఏదీ ఇవ్వకూడదని బొమ్మల పరీక్షల్లో పెట్టుకున్న లెక్క. వాటర్ బాటిల్ మూత సుమారు 3 సెంటీమీటర్లు, అంటే ఆ గొట్టంలో పడిపోతుంది! గుండీ, అగ్గిపుల్ల, వాల్వ్ ట్యూబ్ ముక్కల సంగతి చెప్పక్కర్లేదు. బాబు అవి ముందేసుకుని కూర్చుంటే పాప అక్కడ ఉండకుండా చూడండి, లేదా బల్ల మీద చేయించి అయిపోగానే డబ్బాలో పెట్టి పైకెక్కించండి. పగిలిన బెలూన్ ముక్కలు ఇంకా ప్రమాదం, గొంతులో అతుక్కుంటే తీయడం చాలా కష్టం, పేలిన వెంటనే ఏరేయండి.

పాడైన ఆటబొమ్మలు, మోగే గ్రీటింగ్ కార్డులు విప్పి వాడుకుందామనుకుంటే లోపల బటన్ బ్యాటరీ ఉంటుంది. అది మింగితే అన్నవాహిక రెండు గంటల్లోనే కాలిపోవచ్చు. మింగిందని అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఫినాయిల్, బాత్రూమ్ క్లీనర్ సీసాలు ఎంత కడిగినా బొమ్మలకి వద్దు.

పాపకి పెద్ద అట్టపెట్టె ఒకటి ఇచ్చేయండి, పిన్నులు, టేపు తీసేసి. లోపల పాత చీర పరిస్తే దానికదే ఇల్లు.

నిజాంపేట్_అమ్మ:

అందరికీ థాంక్యూ అండీ. పానా గారు చెప్పినట్టు పెన్ను గొట్టాలు కట్టి చూశాం, కారు సోఫా దగ్గర్నుంచి డైనింగ్ టేబుల్ దాకా వెళ్లింది, మావాడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నర్స్ గారు అన్నాక బాటిల్ మూతలు తీసేసి పచ్చడి సీసాల పెద్ద మూతలు వేద్దామనుకుంటున్నాం.

ఒక డౌటు. పచ్చడి సీసా మూతలు రేకువి, వేడి మేకు దిగడం లేదు, సుత్తితో కొడితే మూత సొట్టపోతోంది. ఏం చేయాలి?

పకడ్_పానా:

మూతని బోర్లించి లోపల ఓ చెక్కముక్క ఇరికించి, అప్పుడు మేకుతో కొట్టండి, సొట్టపోదు. వెనక్కి లేచిన రేకు అంచుని సుత్తితో మెల్లగా చదును చేసి, మీద సైకిల్ ట్యూబ్ ముక్క గుండ్రంగా కోసి అంటించండి, వేలికి గీసుకోదు. పెద్ద మూతలతో బరువు పెరుగుతుంది కాబట్టి బెలూన్ కూడా కాస్త పెద్దదే తీసుకోండి.