అయిదు రోజుల శిక్షణ తర్వాత నా తరగతిలో ఏమీ మారలేదు. ఇప్పుడు ఆ శిక్షణ నేనే ఇవ్వాలి

ప్రశ్న: నాలుగో తరగతి టీచర్, గుంటూరు జిల్లా

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలోని ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పనిచేస్తున్నాను. నా తరగతిలో 31 మంది పిల్లలు. వారిలో ఎనిమిది మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. మాచర్ల వైపు తండాల నుంచి వచ్చిన మూడు కుటుంబాల పిల్లలది లంబాడీ. ఒక పాపకు వినికిడి లోపం ఉంది, చెవికి మిషన్ పెట్టుకుంటుంది. సంక్రాంతి దాటితే ఆదోని వైపు నుంచి మిరప కోతలకు వచ్చే కూలీల పిల్లలు కొందరు చేరతారు, కోతలు ముగిసి కల్లాలు ఖాళీ కాగానే వెళ్లిపోతారు.

భిన్న నేపథ్యాల పిల్లలను పాఠంలో భాగస్వాములను చేయడం ఎలా అన్న అంశంపై ఇటీవల విజయవాడలో అయిదు రోజుల శిక్షణకు వెళ్లాను. శిక్షకులు మంచివారే, భోజనం కూడా బాగుంది. అయితే తెర మీద వచ్చిన స్లయిడ్లన్నీ ప్రతి బిడ్డా ప్రత్యేకమేనని చెప్పాయి గాని, తెలుగు ఇంకా పట్టుబడని పిల్లవాడికి భాగహారం ఎలా మొదలుపెట్టాలో ఒక్కటీ చెప్పలేదు. తిరిగి వచ్చాక నా పాఠం ఎప్పటిలాగే సాగుతోంది. వచ్చే నెల స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశంలో ఇదే అంశాన్ని ఇరవై మంది ఉపాధ్యాయులకు ఒక పూట నేనే చెప్పాలట. అవే స్లయిడ్లు చదివి సంతకాలు పెట్టించుకుని రావడానికి మనసు ఒప్పుకోవడం లేదు. మూడు గంటల్లో ఏం చేయిస్తే మర్నాడు తరగతిలో ఏదైనా తేడా కనిపిస్తుందో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు: విశ్రాంత పంతులు, పటమట

అమ్మా, ఒక తెల్లకాగితం, ఒక గడియారం చాలు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో కాగితం మీద గళ్లు గీసి, మీరు ఎవరిని ప్రశ్న అడిగితే వారి గడిలో ఒక గీత పెట్టమని పక్క తరగతి టీచరును ఒక పీరియడ్ కూర్చోబెట్టండి. నేను సర్వీసులో ఉండగా మా హెచ్‌ఎం గారు ఈ పని చేసి, ఏమీ అనకుండా కాగితం నా చేతికిచ్చారు. గీతల్లో సగానికి పైగా మొదటి రెండు బెంచీల మీదే ఉన్నాయి. తలుపు పక్కన కూర్చునే ఏడుగురి గళ్లు తెల్లగా ఉన్నాయి. అందరినీ ఒకేలా చూస్తానని పదహారేళ్లుగా నమ్ముతూ వచ్చినవాణ్ని, ఆ రోజు అన్నం సయించలేదు.

గడియారం సంగతి ఇది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు తరగతి గదుల టేపులు విని, ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకనేనని 1970ల నాటికే గమనించారు. దానిని మూడు సెకన్లకు పెంచిన చోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలియదనడం తగ్గింది, అంతవరకూ నోరు విప్పనివారు కూడా చెప్పసాగారు. మనసులో ఉర్దూ మాటనో లంబాడీ మాటనో తెలుగులోకి మార్చుకుని చెప్పవలసిన పిల్లవాడికి ఆ అదనపు రెండు సెకన్లు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర లేదు. అంతసేపు మౌనంగా నిలబడటం మనకెంత కష్టమో సమావేశంలో ప్రతి ఒక్కరి చేతా చేయించండి. ఇద్దరిద్దరు టీచర్లను జతలుగా కలిపి, నెలలో ఒకసారి ఒకరి తరగతిలో మరొకరు ఆ కాగితంతో కూర్చునే ఏర్పాటు కూడా అక్కడే చేయండి. తోడు వచ్చి చూసేవారు లేని శిక్షణ హాలు గుమ్మం దాటదు.

జవాబు: గణితం మాస్టారు, విజయవాడ వన్‌టౌన్

పంతులు గారి మాట కాదనను గాని, నా తొమ్మిదో తరగతిలో 54 మంది ఉన్నారు, పక్క టీచరుకు ఖాళీ పీరియడ్ ఉంటే ఎవరో సెలవులో ఉన్న తరగతికి పంపుతారు. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 50 గంటల వృత్తిపరమైన అభివృద్ధి ఉండాలన్నది. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షలో నిష్ఠ అనే ఉపాధ్యాయ శిక్షణ మాడ్యూల్ వీడియో ఒక పక్క నడుస్తుండగా మరో పక్క యూనిట్ టెస్టు పేపర్లు దిద్దినవాళ్లలో నేనూ ఒకణ్ని, దాచుకోవడం దేనికి. గంటలు లెక్కకు వచ్చాయి, సర్టిఫికెట్ దిగింది, పాఠం మాత్రం మారలేదు. మీ సమావేశంలో కొత్త రిజిస్టరు ఏదీ పెట్టకండి, అదే పదివేలు. గీతల కాగితం కూడా పై అధికారికి పంపవలసిన ఫార్మాట్‌గా మారిన రోజున అందరి గళ్లలోనూ సమానంగా గీతలు పడతాయి.

జవాబు: సహిత విద్య (ప్రత్యేక అవసరాలున్న పిల్లలను అందరితో కలిపి చదివించడం) రిసోర్స్ పర్సన్

మాస్టారి చివరి మాటతో ఏకీభవిస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఒక్క పూటలో వాటన్నిటినీ చెప్పబోతే ఏదీ మిగలదు. మీ తరగతిలో ఉన్న పాపతోనే మొదలుపెట్టండి, టీచర్ గారూ.

చాలామంది మిషన్ పెట్టుకుంటే వినపడిపోతుందనుకుంటారు. అది మీ గొంతుతో పాటు ఫ్యాను రొదను, బెంచీ ఈడ్చిన చప్పుడును, రోడ్డు మీది లారీ హారన్‌ను కూడా పెంచి వినిపిస్తుంది. అందుకే పాపను వీధి వైపు కిటికీకి దూరంగా, మీ ముఖం స్పష్టంగా కనిపించే చోట కూర్చోబెట్టాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుతురు మీ వెనకే ఉండి పెదవులు కనిపించవు. నల్లబల్ల మీద రాస్తూ చెప్పే అలవాటు మనందరికీ ఉంది. రాయడం ముగించి, తిరిగి, అప్పుడు చెప్పాలి. మరో పిల్లవాడు జవాబు చెబితే దానిని మీరు మళ్లీ ఒకసారి అనాలి, ఎందుకంటే వెనక బెంచీ మాట ఆమె వరకు రాదు. వీటన్నిటి కంటే ముందు, రోజూ ఉదయం ప్రార్థన కాగానే మిషన్ పనిచేస్తోందో లేదో చూడండి: దానిని తీసి, స్విచ్ వేసి అరచేతిలో మూసి పట్టుకుంటే కూత వినిపించాలి. ఏ శబ్దమూ లేకపోతే మొదట బ్యాటరీని అనుమానించండి.

జవాబు: సోషల్ టీచర్, మంగళగిరి

54 మంది తరగతికి పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది, మాస్టారూ. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే బడిలోకి వచ్చి కొట్లాడుకుంటున్నప్పుడు ఇలియట్ ఆరాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జిగ్‌సా అనే పద్ధతిని రూపొందించారు. కృష్ణా నది పాఠాన్ని నేను ఆ విధంగానే చెబుతాను. నలుగురేసి పిల్లల జట్టులో ఒకరికి మహాబలేశ్వరం, ఒకరికి నాగార్జునసాగర్, ఒకరికి ప్రకాశం బ్యారేజీ, ఒకరికి హంసలదీవి దగ్గర సంగమం. ఒకే భాగం వచ్చినవారు ముందు ఒకచోట చేరి చదువుకుంటారు. తరగతి పెద్దదైతే వారిని రెండు మూడు గుంపులు చేయాలి. తర్వాత ఎవరి జట్టుకు వారు వెళ్లి తమ భాగం చెబుతారు. హంసలదీవి భాగం మాటలు తడబడే పిల్లవాడి దగ్గరే ఉంది కాబట్టి మిగిలిన ముగ్గురూ వాడు చెప్పేది వినక తప్పదు. మొదటి రెండుసార్లు తరగతి సంతలా ఉంటుంది, హెచ్‌ఎం గారికి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది.

నాలుగో తరగతి టీచర్ గారికి మరొక మాట. భాగహారాన్ని పుస్తకంలోని ఆపిల్ పండ్లతో కాకుండా మిరప టిక్కీలతో, అంటే కాయ నింపే బస్తాలతో, మొదలుపెట్టి చూడండి. 360 కిలోల కాయ ఉంది, టిక్కీకి 40 కిలోలు పడితే ఎన్ని టిక్కీలు కావాలి? ఇంట్లో ఏ భాష మాట్లాడినా, కల్లంలో కాటా దగ్గర నిలబడిన పిల్లలకు ఈ లెక్క కంటి ముందే ఉంటుంది. వారిని ముందు సొంత భాషలోనే పక్కవారితో మాట్లాడుకోనివ్వండి, తెలుగులో జవాబు తర్వాత అడగండి. లంబాడీలో అమ్మను యాడి అంటారు. అలాంటి నాలుగు మాటలు ఆ పిల్లల దగ్గరే మీరు నేర్చుకుంటే వాళ్లు మీకు గురువులవుతారు, అది కూడా వాళ్లకు సరదాగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. పంతులు గారు చెప్పిన కాగితం నిన్న అయిదో తరగతి టీచరు గారి చేత రాయించాను. ముగ్గురు తండా పిల్లల గళ్లలో కలిపి ఒకే గీత ఉంది, అది కూడా తలుపు వేయమని నేను అడిగిన ప్రశ్నకు పడిందట.

ఈ ఉదయం పాప చెవి మిషన్‌ను అరచేతిలో మూసి పట్టుకున్నాను. కూత రాలేదు. ఎప్పటి నుంచమ్మా అని అడిగితే దసరా ముందు నుంచి అన్నది; బడికి పెట్టుకుని వెళ్లమని అమ్మ చెప్పింది కాబట్టి రోజూ పెట్టుకుని వస్తోంది. ఇన్నాళ్లూ పిలిస్తే పలకదని నేను ఆ పాపను రెండో వరుస నుంచి వెనక్కి మార్చి ఉన్నాను. సాయంత్రం బ్యాటరీ కొని తెచ్చాను, రేపు ప్రార్థన కాగానే వేస్తాను. సమావేశం ఈ సంగతితోనే మొదలుపెట్టి, ఆ తర్వాత కాగితాలు పంచుతాను. మాస్టారు చెప్పినట్టు వాటిని ఎవరి డైరీలో వారే ఉంచుకుంటారు, నేను వెనక్కి తీసుకోను.