రూఫ్‌టాప్ సోలార్ ఎస్‌పీవీ కొంటున్నాం: బిజినెస్ కింద చూపాలా, ఆస్తుల కింద చూపాలా?

జిగణి_లెడ్జర్, బెంగళూరు

మాది ఇండ్ ఏఎస్ (భారత అకౌంటింగ్ ప్రమాణాలు) పాటించే కంపెనీ. పీణ్య, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల కప్పుల మీద మొత్తం 7 మెగావాట్ల సోలార్ ఉన్న ఎస్‌పీవీలో (ఆ ప్లాంట్ల కోసమే పెట్టిన కంపెనీ) 100 శాతం షేర్లు కొంటున్నాం. షేర్లకు 12 కోట్లు. లాయర్లు, వాల్యుయేషన్, స్టాంపులకు 40 లక్షలు. ఎస్‌పీవీకి బ్యాంకు అప్పు 16 కోట్లు, రావాల్సిన బిల్లులు 1.5 కోట్లు, బ్యాంకులో 50 లక్షలు. వాల్యుయర్ ప్లాంట్లకు 24.5, పీపీఏలకు (ఫ్యాక్టరీలతో ఉన్న కరెంటు అమ్మకం ఒప్పందాలు) 1.5 కోట్ల విలువ కట్టారు. ఉద్యోగులు లేరు, ఓ అండ్ ఎం (నడపడం, మరమ్మతులు) కాంట్రాక్టరుది. ప్లాంట్ల వయసు ఏడేళ్లు, పీపీఏలు ఇంకా 18 ఏళ్లు. గుడ్‌విల్ (ఆస్తుల నికర విలువకు మించి ఇచ్చిన ధర) వస్తుందా?

హోసూరురోడ్_సీఏ

గుడ్‌విల్ సంగతి తర్వాత చూద్దామండి. మీ సొంత బ్యాలెన్స్ షీటులో ఇది ఇండ్ ఏఎస్ 27 ప్రకారం 12.40 కోట్ల పెట్టుబడి, అంతే. బిజినెస్సా కాదా అన్న పేచీ కన్సాలిడేషన్‌లోనే (గ్రూపు మొత్తం కలిపిన లెక్కల్లో). రెండూ కలిపి రాసిన నోట్ చూస్తే ఆడిటరుకు చిరాకొస్తుంది.

కన్సాలిడేషన్‌కు ఇండ్ ఏఎస్ 103లోని కాన్సంట్రేషన్ టెస్ట్ (కొన్న విలువ దాదాపు అంతా ఒకే రకం ఆస్తిలో ఉంటే బిజినెస్ కాదు) పెట్టుకోవచ్చు, తప్పనిసరి కాదు. 12 + 16 లోంచి నగదు 0.5 తీస్తే 27.5 కోట్లు. ప్లాంట్లు 24.5, అంటే 89 శాతం. కప్పులన్నీ ఒకే రకం ఆస్తి, రిస్కూ ఒకటే అని చూపగలిగితేనే ఈ 89. స్టాండర్డులో శాతం రాయలేదు, ఆడిటర్లు మాత్రం 90 చుట్టూ చూస్తారు. పీపీఏలు కూడా కలిపి 94.5 చేద్దామనిపిస్తుంది. కుదరదు, భౌతిక ఆస్తినీ అభౌతిక ఆస్తినీ ఒకే రకమని కలపనివ్వరు.

టెస్ట్ ఫెయిలైనా అది బిజినెస్ అయిపోదు. అప్పుడు ప్రాసెస్ (ఆస్తులతో ఆదాయం తెచ్చే పని విధానం) చూడాలి. ఓ అండ్ ఎం ఒప్పందం తనంతట తాను ప్రాసెస్ కాదు, కానీ దాని ద్వారా కీలకమైన పని చేసే సిబ్బంది అందుబాటులోకి వస్తున్నారా అనేదే ప్రశ్న. ప్యానెళ్లు కడగడం, వాచ్‌మన్ వరకే అయితే అది చిల్లర పని. జనరేషన్ మానిటరింగ్, ఫాల్ట్ సరిచేయడం, బిల్లింగ్ కూడా వాళ్లే చూస్తే వాదన బిజినెస్ వైపు తిరుగుతుంది. ఆ ఒప్పందం స్కోపు పేజీ నోట్‌కు జతచేయండి.

పీపీఏ_పురాణం

తేడా ఎంతో అంకెల్లో చూడండి. ఆస్తుల కొనుగోలు అయితే 40 లక్షలూ ధరలో కలుస్తాయి. 12.40 + 16 లోంచి నగదు, బిల్లులు తీస్తే 26.40 కోట్లు. 24.5 : 1.5 నిష్పత్తిలో పంచితే ప్లాంట్లకు 24.88, పీపీఏలకు 1.52. గుడ్‌విల్ లేదు, పుస్తకాల విలువకూ టాక్స్ విలువకూ మొదట ఉన్న తేడా మీద డిఫర్డ్ టాక్స్ (తర్వాత కట్టాల్సి వచ్చే పన్ను) కూడా లేదు.

బిజినెస్ అయితే 40 లక్షలు ఖర్చు రాసేయాలి. షేర్ల కొనుగోలులో ఎస్‌పీవీ పాత టాక్స్ డబ్ల్యూడీవీయే (తరుగుదల పోగా మిగిలిన విలువ) కొనసాగుతుంది. అది 2 కోట్లు మిగిలిందనుకుందాం. 26లో అది పోను 24 కోట్ల తేడా మీద 25.168 శాతం చొప్పున 6.04 కోట్ల డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ. దానికి ఎదురుగా అంతే గుడ్‌విల్! కొన్నదాంట్లో ప్రీమియం ఏమీ లేకపోయినా కనిపించే గుడ్‌విల్ ఇది. ఏటా ఇంపెయిర్‌మెంట్ టెస్ట్ (విలువ పడిపోయిందా అన్న పరీక్ష) తలనొప్పి అదనం.

ఇన్వర్టర్_లెక్క

ఒకటి వదిలేశారు. పీపీఏ ముగిశాక ప్యానెళ్లు దించి, కప్పు వాటర్‌ప్రూఫింగ్ చేసివ్వాలని ఒప్పందంలో ఉందేమో చూడండి. ఉంటే ఇండ్ ఏఎస్ 37 కింద ప్రొవిజన్ (రాబోయే ఖర్చుకు ఇప్పుడే చూపే బాధ్యత) పెట్టాలి. ఇవాళ్టి ఖర్చు 60 లక్షలు, ఏటా 5 శాతం పెరుగుదల, 8 శాతం డిస్కౌంట్, 18 ఏళ్లు అనుకుంటే దాదాపు 36 లక్షలు. పై 27.5లో కూడా ఇది కలుస్తుంది, ప్లాంట్ల శాతం ఇంకాస్త దిగుతుంది.

ఇన్వర్టర్లను తరుగుదల లెక్కలో విడగొట్టండి. 24.5లో వాటి వాటా 1.2 కోట్లు, మిగిలిన ఆయుష్షు ఐదేళ్లు అనుకుందాం. ఏడాదికి 24 లక్షలు; మిగతా 23.3 కోట్లు 18 ఏళ్లకు 1.29 కోట్లు. అంతా 18 ఏళ్లకు వేస్తే ఏటా 17 లక్షలు తక్కువ పడుతుంది, ఆరో ఏట ఇన్వర్టర్లు మార్చినప్పుడు పాతవాటి మిగిలిన విలువ లాభనష్టాల్లో పడుతుంది. ఇంకో మాట, కంపెనీల చట్టం షెడ్యూల్ 2లో (ఆస్తుల ఆయుష్షు పట్టిక) గాలిమరలకు 22 ఏళ్లని ఉంది, సోలార్‌కు ప్రత్యేక వరుస లేదు. 25 ఏళ్లు తీసుకోవాలంటే ఇంజినీరు రిపోర్టు ఫైల్లో ఉండాలి.

జిగణి_లెడ్జర్

షేర్లు కాకుండా ప్లాంట్లే విడిగా కొంటే?

పీపీఏ_పురాణం

టాక్స్‌లో మీరిచ్చిన ధర మీద 40 శాతం తరుగుదల దొరుకుతుంది. ఆ ఏడాది వాడకం 180 రోజుల్లోపైతే 20. జీఎస్టీ మాత్రం కట్టాక పోయినట్టే, కరెంటు అమ్మకం మినహాయింపులో ఉంది కనక క్రెడిట్ రాదు, ధరలో కలుస్తుంది. ప్రతి ఫ్యాక్టరీతో పీపీఏ మీ పేరుకు మార్చుకోవాలి. బ్యాంకు ఎన్ఓసీ చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.