సమస్యాపూరణం: వీనులున్నవాఁడె వినఁగ లేఁడు

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు ఆటవెలది. చివరి పాదం ఇది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

వీనులున్నవాఁడె వినఁగ లేఁడు

అంశం: ఎంతో అభిమానించిన సంగీత బృందం కొత్త ఆల్బమ్ నిరాశపరచడం. చెవులు లేనివాడి మాట సరే, ఉన్నవాడే ఎందుకు వినలేడో చెప్పాలి.

పూరణ 1

చిన్ననాటి నుండి చెలిమిగా విన్నట్టి
జట్టు క్రొత్త పాట చప్పగాయె
గోల పెరిగి రాగ గుణము లెల్ల నడఁగె
వీనులున్నవాఁడె వినఁగ లేఁడు

నిర్వాహకుడు: గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత అక్షరాలు) సరిపోయాయి. కానీ పాట చప్పగా ఉందా, గోలగా ఉందా? రెండు ఫిర్యాదులూ ఒకే పద్యంలో పెడితే కోపం తప్ప కారణం కనబడదు.

పూరణ 2

లోయ లేదు పొంగు లేదంతయును హోరు
మీట త్రిప్ప మోత మెండు కాఁగ
తరఁగలన్ని కోసి తలలు చదును సేయ
వీనులున్నవాఁడె వినఁగ లేఁడు

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది. లో, లే: హల్లు కుదిరినా ఓ, ఏ స్వరాలకు మైత్రి లేదు. 'మెల్లనైన చోటు మిగుల లేదొక్కటి' అంటే సరిపోతుంది. మూడవ పాదం మాత్రం ఈ వారం వచ్చినవాటిలో మేలైనది. శబ్దస్థాయిని హద్దు దాటిస్తే ధ్వనితరంగాల శిఖరాలు నిజంగానే తెగిపోతాయి. మెల్లని చోటుకూ పెద్ద చోటుకూ తేడా ఉండదు, కాసేపటికే చెవి అలసిపోతుంది. 2008లో అమెరికా మెటల్ బృందం మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' విషయంలో జరిగింది ఇదే. అవే పాటలు 'గిటార్ హీరో' వీడియో ఆటలో ఎక్కువ స్పష్టంగా ఉన్నాయని అభిమానులు పోల్చి చూపారు, ధ్వనుల పాళ్ళు సరిచేసి మళ్ళీ మిక్స్ చేయమని సంతకాలు సేకరించారు. వీనులున్నవారి పని అది!

పూరణ 3

చెవుడు గల్గి లోన చెలరేఁగు నాదమ్ము
విని రచించె నొకఁడు విశ్వగీతి
పాట చెంతనున్న పట్టదు మనసుకు
వీనులున్నవాఁడె వినఁగ లేఁడు

నిర్వాహకుడు: ఆ 'ఒకఁడు' పాశ్చాత్య స్వరకర్త బీథోవెన్ అనుకుంటాను. 1824లో వియన్నాలో తొమ్మిదవ సింఫనీ తొలి ప్రదర్శన నాటికి ఆయనకు దాదాపు ఏమీ వినబడేది కాదు. 'వాఁడె'లోని నొక్కు ఈ పూరణకే పూర్తిగా అమరింది. అయితే ఆల్బమ్ ఎటు పోయింది? రెండవ, మూడవ పాదాల మధ్య 'కాని' అనే భావం పాఠకుడే వేసుకోవాల్సి వస్తోంది.

పూరణ 4

పాత పాట చెవుల పాదుకొన్నది గాన
క్రొత్త దాని కచటఁ గొలువు లేదు
పోల్చి పోల్చి చూచు బుద్ధిని వీడక
వీనులున్నవాఁడె వినఁగ లేఁడు

నిర్వాహకుడు: నేరం బృందం మీద నుంచి అభిమాని మీదికి మళ్ళింది. 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో జానపద గాయకుడిగా పేరున్న బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో వేదికెక్కితే గేలి చేసినవారికి ఈ పద్యం చక్కగా వర్తిస్తుంది. 'గొలువు' చక్కని పదం.

పూరణ 1 రాసిన సభ్యుడు: అయ్యా, ఈ నాలుగవ పూరణ నన్నే దోషిని చేస్తోంది. పోల్చకుండానే విన్నాను. డ్రమ్ముల హోరులో గాయకుడి మాటే తెలియలేదు. దానికి నా పాత అభిమానం ఏం చేసింది?

పూరణ 4 రాసిన సభ్యురాలు: అలాగైతే మీ పద్యంలో 'చప్పగాయె' తీసేయండి, నేను ఒప్పుకుంటాను. మాట తెలియకపోవడం మిక్సింగ్ లోపం. చప్పదనం మీ జ్ఞాపకం చెబుతున్న తీర్పు.

నిర్వాహకుడు: రెండవ పాదం మార్చి పంపండి. జకార యతి మరవకండి.